రోడ్డు దిక్కు చెప్పులు

జ్యోతిక చెప్పులు మళ్ళీ రోడ్డు దిక్కు తిరిగి ఉన్నాయి. ఇది మూడో రోజు.

మొదటి రోజు అత్తగారు భారతమ్మ చూసి, ఎవరికీ చెప్పకుండా కాలి వేలితో సర్దేసింది. రెండో రోజు భర్త ప్రణీత్ చూసి, చూడనట్టు లోపలికొచ్చి, ఉప్మా సగంలో వదిలేసి లేచాడు. ఈ రోజు పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసిన జ్యోతిక తానే చూసింది. చూసి అరవలేదు. ఏడో నెల పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని గడప పక్కనే కూలబడింది.

ఎల్బీనగర్ మెట్రో లైను వెనక సందులో ఉన్న ఆ ఇంట్లో చెప్పులు తుడిచే పని ఉదయలక్ష్మిది. భారతమ్మ భర్త, పోయిన రామచంద్రానికి చెల్లెలు, భారతమ్మకు ఆడబిడ్డ. తొమ్మిదేళ్ళప్పుడు మెదడు జ్వరం వచ్చి మాట పోయింది. ఇప్పుడు నలభై ఎనిమిది. ఎవరి ముఖమూ చూడదు. తెల్లవారేసరికే లేచి, తడిగుడ్డతో ఇంటిల్లిపాది చెప్పులూ తుడిచి, ముందు భాగం గోడ వైపు ఉండేలా వరసగా పెడుతుంది. వరసలో చివరి జత ఆమెదే. అన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కొనిచ్చిన తోలు చెప్పులు. గేటు దాటితే గదా వేసుకోవడానికి. వేసుకోని చెప్పుల్ని కూడా రోజూ తుడుస్తుంది.

ఇన్నేళ్ళలో రెండే రెండుసార్లు ఆ వరస తప్పింది. మొదటిసారి ఆమె తల్లి చెప్పులు రోడ్డు వైపు తిరిగాయి. పన్నెండో రోజున ముసలమ్మ పోయింది. రెండోసారి, రెండేళ్ళ కిందట, రామచంద్రం చెప్పులు. ఆయన తొమ్మిదో రోజు దాటలేదు.

"లోపలికి రా బిడ్డా. గడప కాడ కూసోవద్దు," అంది భారతమ్మ.

"నేను మా అమ్మోళ్ళింటికి పోత అత్తమ్మా."

"ఎట్ల పోతవు? గా చెప్పులేసుకొనే గద పోవాలె."

"ఒట్టి కాళ్ళతోని పోత."

"వొద్దు. ఏ దిక్కు పోయినా గడప దాటినట్టే. జర ఓపిక పట్టు."

ఈ రోజు గురువారం, జ్యోతిక దవాఖానకు వెళ్ళాల్సిన రోజు. అదీ ఇదే మాట మీద ఆగిపోయింది.

లోపలి నుంచి ప్రణీత్ వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో నీలం ఫైలుతో పెళ్ళిచూపులకు బయల్దేరినవాడిలా ఉన్నాడు. కళ్ళు మాత్రం నిద్రలేనివి.

"పదకొండింటికి గార్డియన్ ఆర్డర్లిచ్చే కమిటీ ఆయన వస్తడు," అన్నాడు. "అత్తను చూసి రాసుకొని పోతడు. ఆమె తరఫున సంతకం నాదని ఆర్డరొస్తే అబ్దుల్లాపూర్‌మెట్ కాడి ఆశ్రమం వాళ్ళు తీసుకుంటరు. అంతదాంక ఎవ్వరు బయటికి పోవద్దు. అమ్మా, అత్త రూముకు గొళ్ళెం పెట్టినవా?"

"పొద్దుగాలే పెట్టిన."

మెట్ల మీద నిలబడి ఇదంతా వింటున్న సాయిప్రియ కిందికి దిగింది. ప్రణీత్ చెల్లెలు. దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో న్యాయశాస్త్రం పీజీ రెండో ఏడు. తమను తాము కాపాడుకోలేని పెద్దవాళ్ళ గురించిన చదువు అది: వాళ్ళ మనసులో ఏముందో ఎలా తెలుసుకోవాలి, వాళ్ళ బదులు ఇంకొకరు నిర్ణయాలు చేసేస్తుంటే ఎలా ఆపాలి. బయటివాళ్ళకు చెప్పేటప్పుడు చాలా గొప్పగా ఉంటుంది. ఆ చదువు చదివే పిల్ల ఇంట్లోనే ఒక మనిషి గదికి బయట నుంచి గొళ్ళెం ఉంది.

"అన్నా, గా ఫైలుల నుంచి నా కాయితం తీసెయ్."

నిన్న సాయంత్రం ఆ ఫైలు తెరిచి తన చేతిరాత చూసుకున్నప్పటి నుంచి సాయిప్రియకు దొంగకు తేలు కుట్టినట్టే ఉంది. మింగనూ లేదు, కక్కనూ లేదు.

"ఎందుకు తియ్యాలె?" ప్రణీత్ ఫైలు తెరిచి చదివాడు. "ఉదయలక్ష్మి, వయసు నలభై ఎనిమిది. చెప్పిన విషయం అర్థం చేసుకోలేరు. ఇష్టాయిష్టాలు తెలియజేయలేరు. నిర్ణయం తీసుకునే శక్తి లేదు. కింద నీ సంతకం, కాలేజి ముద్ర. నేను రాసిన్నా?"

"అది క్లాసుల ప్రాక్టీసుకు రాసింది."

"ప్రాక్టీసుకైతే అబద్ధం రాస్తరా?"

అన్న వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు. చెల్లెలు చదువుకున్న పిల్ల, రాసిందంటే తెలిసే రాసి ఉంటుందని నమ్మాడు.

జరిగింది ఇంతే. ప్రాక్టీసు కాగితానికి కల్పించిన పేరే వాడాలి. గడువు లోపల ఎవరో ఒకరితో మూడు రోజులు, రోజుకో గంట, తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చుని రాయాలి. కాలేజీలో కచ్చితంగా చెప్పారు. సాయిప్రియ గడువు మరచిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఒళ్ళో కాగితం పెట్టుకుంది. తొందరలో కల్పించిన పేరు తట్టక ఇంట్లో మనిషి పేరే రాసింది. చైతన్యపురి వచ్చేసరికి పేరూ వయసూ అయ్యాయి. విక్టోరియా మెమోరియల్ దగ్గర అర్థం చేసుకునే శక్తి అయిపోయింది. ఎల్బీనగర్‌లో దిగేలోపు సంతకం పెట్టేసింది. మూడు స్టేషన్ల దూరంలో ఒక మనిషి తెలివి తేల్చేసింది. ఇరవైకి ఇరవై మార్కులు వచ్చాయి. ఆ రోజు మిర్చీ బజ్జీలు కూడా తిన్నది. ఆ కాగితం పుస్తకాల మధ్య అన్నకు దొరుకుతుందని అనుకోలేదు.

"నేను అత్త రూములకు పోలే అన్నా. ఒక్కమాట అడగలే. మెట్రోల కూసొని రాసిన."

"అయితే ఇప్పుడేమంటవు? అత్తకు అన్నీ ఎర్కనంటవా?" ప్రణీత్ గొంతు పెరగలేదు, తగ్గింది. "అన్నీ ఎర్కుండే చెప్పులు తిప్పుతుందంటవా? అదింక బుగులు ముచ్చట ప్రియా. ఎర్క లేదనుకుంటేనే నేను రాత్రి పండగలుగుతున్న."

ఆ మాటకు భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడప దగ్గర జ్యోతిక తల గోడకు ఆనించింది. మెట్రో ఒకటి మీద నుంచి పోయింది. వంటింట్లో గిన్నెలు సన్నగా మోగి ఊరుకున్నాయి.

సాయిప్రియ వదిన చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"ముట్టకు!" భారతమ్మ అరిచింది.

"ముట్టిన గద. ఏం కాలే." చెప్పులతో వెనక గది దాకా నడిచి, గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంది.

గదికి ఒకటే కిటికీ, అది ప్రహరీ గోడలోకి చూస్తుంది. కొబ్బరినూనె వాసన, పాత తోలు వాసన. ఉదయలక్ష్మి నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. తలెత్తలేదు. ఆమె చూపు సాయిప్రియ పాదాల మీద ఆగింది. పుట్టినప్పటి నుంచి అత్త తనను చూసింది అక్కడి వరకేనని సాయిప్రియకు మొదటిసారి తట్టింది. ఈ ఇంట్లో అందరూ ఆమెకు పాదాలే.

తనూ నేల మీద కూర్చుంది. వదిన చెప్పులు ఇద్దరి మధ్యా పెట్టింది.

"అత్తా, ఇవి ఎందుకు తిప్పినవు?"

క్లాసులో వేదవతి మేడం చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ప్రశ్న అడిగాక నోరు మూసుకోండమ్మా. మీ ఓపిక అయిపోయాక ఇంకో ఐదు నిమిషాలు మూసుకోండి. ఆ మనిషి భాష మీకు తెలియనప్పుడు, రోజంతా ఆవిడ చేతులు ఏం చేస్తాయో అదే భాష.' పరీక్షలో ఈ మాటలే రాసి మార్కులు తెచ్చుకుంది. ఎవరి ముందూ మూసుకోలేదు.

ఇప్పుడు మూసుకుంది. మెట్రో ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది. తలుపు అవతల భారతమ్మ ఊపిరి వినిపిస్తోంది. మూడోది కూడా పోయింది.

చల్లని చెయ్యి వచ్చి సాయిప్రియ చీలమండ పట్టుకుంది.

కాలు లాక్కోబోయి ఆగింది. ఉదయలక్ష్మి బొటనవేలితో ఎముక మీద గట్టిగా నొక్కింది. తీసింది. నొక్కిన చోట తెల్లబడి, వెంటనే మామూలైంది. కాసేపు చూసి, ఆ కాలుతో ఇక పనిలేదన్నట్టు వదిలేసింది.

తర్వాత జ్యోతిక చెప్పు ఎత్తి, మడమ పట్టీ ముందుకు చాపింది. పట్టీకి ఉండాల్సిన రంధ్రాలు నాలుగు. చివరి రంధ్రం దాటాక ఇంకొకటి ఉంది, మేకుతో పొడిచింది. అంచులు ఇంకా కొత్తగా ఉన్నాయి. పట్టీ ఆ రంధ్రంలోకే పెట్టి ఉంది.

సాయిప్రియకు అర్థం కాలేదు. అర్థం కాలేదని తెలిసిందో ఏమో, ఉదయలక్ష్మి ఓ మూలకు జరిగి రేకు పెట్టె తెరిచింది. పాత చీర మూట తీసి విప్పింది.

రెండు జతల చెప్పులు.

ఒకటి నాయనమ్మది. రెండోది నాయినది. పోయిన పదకొండో రోజున భారతమ్మ ఆ తోలు చెప్పులు చెత్తబండిలో వేయించడం సాయిప్రియ కళ్ళారా చూసింది. నాయనమ్మవీ అలాగే పోయాయని అందరికీ తెలుసు. గేటు దాటని మనిషి వాటిని ఎలా తెచ్చిందో, ఎప్పుడు తెచ్చిందో. వాటి మీద పిసరంత దుమ్ము లేదు. ఈ పొద్దున కూడా తుడిచినట్టున్నాయి.

సాయిప్రియ పట్టీలు చూసింది. నాయనమ్మ చెప్పుకు ఒక కొత్త రంధ్రం. నాయిన చెప్పుకు రెండు.

అప్పుడు గుర్తొచ్చింది. పోవడానికి ముందు వారం నాయిన రోజూ అదే గొణుగుడు. చెప్పులు బిగుసుకుపోతున్నాయి, ఈ తోలు మంచిది కాదు, దుకాణం వాడు మోసం చేసిండు అని. దవాఖానలో డాక్టరు తర్వాత చెప్పాడు: గుండె బలం తగ్గి కాళ్ళకు నీరు దిగింది, వారం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్ళం.

వారం ముందు ఈ ఇంట్లో ఒకరు చెప్పారు. ఉన్న ఒక్క మాటతో చెప్పారు. లే, బయటికి పో, పట్టీ వదులు చేశాను, కాలు పడుతుంది, పో. దానికి వీళ్ళేం చేశారు? తొమ్మిది రోజులు గదికి గొళ్ళెం పెట్టారు.

సాయిప్రియకు ఏడుపొచ్చింది. నాయిన కోసమా, అత్త కోసమా, ఇరవైకి ఇరవై కోసమా, ఆమెకే తెలియలేదు. మూట అక్కడే వదిలేసి, జ్యోతిక చెప్పులు పట్టుకుని తలుపు తీసింది.

"వదినా, కాళ్ళు సాపు."

"ఎందుకు?"

"సాపు."

నైటీ అంచు కొంచెం పైకి జరిపి, అత్త నొక్కినట్టే నొక్కింది. తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. చపాతీ పిండిలో వేలు పెట్టినట్టు.

"ఏడో నెల గద," భారతమ్మ తేలిగ్గా అంది. "నీళ్ళు పడతయ్. నాకు పడలేదా? ప్రణీత్ కడుపులున్నప్పుడు నా కాళ్ళు రోకళ్ళ లెక్క ఉండె."

"వదినా, తలనొప్పున్నదా?"

జ్యోతిక భర్త వైపు చూసింది, అత్త వైపు చూసింది, నేల వైపు చూసింది.

"మూడు దినాలాయె. కండ్ల ముంగట మినుకు మినుకుమంటున్నది."

"మూడు దినాలా?" ప్రణీత్ ముందుకొచ్చాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమంటరు? చెప్పుల పుణ్యమే అంటరు. ఇంకో తాయెత్తు కడ్తరు." జ్యోతిక గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సోమారం బజారుకెళ్ళొచ్చి చెప్పులు విప్పనీకే వశం కాలే. చిన్నత్తమ్మ నా కాళ్ళ కాడ కూసొని మెల్లగ ఊడదీసింది. తెల్లారినుంచి తిప్పుడు షురూ."

సాయిప్రియ పట్టీ చూపించింది. కొత్త రంధ్రం చూపించింది. లోపల మూటలో ఏమున్నాయో చెప్పింది. నాయిన చెప్పుల మాట రాగానే భారతమ్మ దేవుడి గది వైపు తిరిగి నిలబడింది. వీపు మాత్రం కదులుతోంది.

"అమ్మా, అత్త చావు పిలుస్తలేదు. దవాఖానకు పొమ్మంటున్నది."

"ఊకో," అంది భారతమ్మ. "గా మాట అనకు. ఆమె చెప్పిందంటే, నేను ఇనలేదన్నట్టు గద. మీ నాయినను నేనే..." ఆపేసింది.

ప్రణీత్ మొండిగా నిలబడ్డాడు. "నువ్వు డాక్టరువా? ఒక కాయితం రాస్తివి, అది అబద్ధమంటివి. ఇప్పుడు ఇంకో కథ చెప్పబడితివి. ఏది నమ్మాలె?"

"నన్ను నమ్మకు. వదిన కాలు చూడు."

అప్పుడే గేటు చప్పుడైంది. పదకొండు కాలేదు, పదింబావే. కమిటీ మనిషి చక్రపాణి ముందే వచ్చేశాడు. గళ్ళ చొక్కా, చంకలో సంచీ, రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి. చెప్పులు విడిచి, గడప దగ్గర కూర్చున్న నిండు మనిషిని చూసి పక్కకు తప్పుకుని లోపలికొచ్చాడు.

"ఎండ ముదరకముందే వద్దామని సైదాబాద్ నుంచి ముందే బయల్దేరానండి. ఏమనుకోకండి." కుర్చీలో కూర్చుని ప్రణీత్ చేతిలోని ఫైలు అందుకుని తిరగేశాడు. సరిగ్గా ఆ కాగితం దగ్గరే ఆగాడు. "ఈ పరిశీలన చేసిందెవరండి?"

ఒప్పుకుంటే ఏమవుతుందో సాయిప్రియకు బాగా తెలుసు. నిజం మనిషి పేరుతో, ఆమెను చూడకుండా రాసిన కాగితం. చక్రపాణి కాలేజీకి ఒక్క ఉత్తరం రాస్తే రెండేళ్ళ చదువు ఎల్బీనగర్ చౌరస్తాలో కలుస్తుంది.

"నేనే సార్. అది అబద్ధం. మా అత్తను చూడకుండ, అడగకుండ రాసిన."

చక్రపాణి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది నేను రాసుకోవాల్సి వస్తుందమ్మా."

"రాసుకోండి సార్."

"కాలేజీ వాళ్ళకూ తెలియజేయాల్సి వస్తుంది."

"ఎర్కే సార్."

ఆ మాటల మధ్యలో జ్యోతిక లేచింది. గోడ పట్టుకుని, రెండు విడతలుగా లేచింది. సాయిప్రియ చేతిలోంచి చెప్పులు తీసుకుని గడప బయట వేసింది, రోడ్డు దిక్కే. కాలు పెట్టింది. సోమవారం నుంచి పట్టని కాలు పట్టింది.

"నేను దవాఖానకు పోతున్న," భర్తతో అంది. "తోలుకపోతవా, ఆటో ఎక్కాల్నా?"

ప్రణీత్ ఫైలు వైపు చూశాడు. భార్య ఇప్పుడు ఈ చెప్పులతో, ఈ మాట మీద వెళ్ళిందంటే అత్తకు అన్నీ తెలుసని ఇల్లంతా ఒప్పుకున్నట్టే. కమిటీ మనిషి ఎదురుగానే కూర్చున్నాడు. భారతమ్మ అడ్డం వస్తుందేమోనని అందరూ అటు చూశారు. ఆమె రాలేదు.

జ్యోతిక పట్టీ పెట్టుకోవడానికి వంగబోయి వంగలేకపోయింది. ప్రణీత్ వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టీ కొత్త రంధ్రంలోకి సరిగ్గా వచ్చింది. పెడుతుంటే అతని బొటనవేలు ఆమె కాలికి తగిలింది. తీసి చూశాడు. గుంట పూడలేదు. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత జేబులో కారు తాళం తడుముకున్నాడు.

కారు సందు దాటి మలుపు తిరిగింది. ప్రణీత్ తన చెప్పులు వేసుకోకుండానే వెళ్ళాడని తర్వాత చూసుకున్నారు.

"ఇప్పుడు నేను ఆవిడతో మాట్లాడాలి," అన్నాడు చక్రపాణి. "ఒంటరిగా."

"మా అత్త మాట్లాడదు సార్. నేను కూడ ఉంటే..."

"మీరు ఉండకూడదని మీ పుస్తకంలోనే ఉంటుంది కదమ్మా."

సాయిప్రియ సిగ్గుపడి పక్కకు జరిగింది. తలుపు మూసుకుంది.

తల్లీ కూతుళ్ళు హాల్లో కూర్చున్నారు.

"తొమ్మిది దినాలు," అంది భారతమ్మ. "గొళ్ళెం నేనే పెట్టిన. లోపల్నుంచి తలుపు కొడ్తుండె. దయ్యం పట్టినట్టు కొడ్తుండె. మీ నాయిన ఇంటడని టీవీ సౌండు పెంచిన."

సాయిప్రియ తల్లి చెయ్యి పట్టుకుంది.

ఫోను మోగింది. ప్రణీత్.

"బీపీ మస్తున్నదంట," గొంతు గుర్తుపట్టేలా లేదు. "లోపలికి తీసుకపోయిన్రు. ఇయ్యాల రాకపోతే తల్లీ పిల్లా ఇద్దరికీ... ప్రియా, ఇంకా ఏం చెప్తలేరు. చూస్తమంటున్నరు. అత్తను ఏడికి పంపకు. నేనొచ్చేదాంక ఆయనకు చెప్పు, కేసు వాపస్ తీసుకుంటనని చెప్పు."

"చెప్త అన్నా. నువ్వు వదిన కాడనే ఉండు."

ఫోను పెట్టేసరికి సాయిప్రియకు గుండెల మీది బండ సగం దిగింది. వదిన సంగతి దేవుడి చేతిలో ఉంది, డాక్టర్ల చేతిలో ఉంది. అత్త సంగతి మాత్రం గెలిచినట్టే. అత్త ఇక్కడే ఉంటుంది. గొళ్ళెం ఈ రోజే ఊడదీయించాలి. కిటికీ రోడ్డు వైపు పెట్టించాలి. చదువు పోతే పోనీ, అత్తను తనే చూసుకుంటుంది. ఏమేం చేయాలో అన్నీ మనసులో వరసగా పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. మొదట ఉదయలక్ష్మి బయటికి వచ్చింది. నేల చూస్తూ, గోడ పక్కనే నడిచి, వాళ్ళిద్దరి ముందు నుంచే వాకిట్లోకి పోయింది. వెనక చక్రపాణి వచ్చి తలుపు దగ్గరే ఆగాడు.

"సార్, మా అన్న కేసు వాపస్ తీసుకుంటడంట. మా అత్త ఈడనే ఉంటది."

చక్రపాణి వాకిలి వైపు చూశాడు.

"నేను ఒకటే అడిగానమ్మా. ఈ ఇంట్లో ఉంటారా, ఇంకెక్కడికైనా వెళ్తారా అని. చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ లేచి వచ్చేశారు. ఏం చేస్తారో మీరే చూడండి."

వాకిట్లో ఉదయలక్ష్మి చెప్పుల వరస ముందు కూర్చుంది. ప్రణీత్‌వి తుడిచి, గోడ వైపు పెట్టింది. భారతమ్మవి, సాయిప్రియవి. అన్నీ గోడ వైపు. చివరి జత దగ్గరికొచ్చింది. అన్న కొనిచ్చిన జత. ఎత్తి, కింద కూడా తుడిచి, నేల మీద పెట్టింది.

రోడ్డు దిక్కు.

సాయిప్రియ పరుగెత్తుకెళ్ళి పక్కన కూర్చుంది. మొదట వచ్చిన ఆలోచన అదే: అత్తకు బాగాలేదు. కాలు పట్టుకుని ఎముక మీద నొక్కి తీసింది. చర్మం వెంటనే మామూలైంది. మళ్ళీ నొక్కింది. గుంట లేదు. పట్టీ చూసింది. దుకాణంలో కొన్నప్పటి రంధ్రంలోనే ఉంది. కొత్త రంధ్రం ఒక్కటీ లేదు.

జబ్బు లేదు. పొమ్మని ఎవరికీ చెప్పడం లేదు. తనే పోతానంటోంది.

పంపించేయాలని అన్న ఫైలు కట్టాడు. ఉంచుకోవాలని తను ఇందాకే కిటికీ దాకా నిర్ణయించేసింది. ఇద్దరిలో ఒక్కరూ ఆమెను అడగలేదు. ముందు మెట్రోలో ఒకసారి, ఇప్పుడు హాల్లో ఒకసారి, తప్పు అదే.

ఉదయలక్ష్మి ముందు కుడి కాలు పెట్టింది, తర్వాత ఎడమ కాలు. పట్టీలు పెట్టుకుని లేచి నిలబడింది.

భారతమ్మ గడప దగ్గరికొచ్చి, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆడబిడ్డను మొదటిసారి ఒక మాట అడిగింది.

"ఏడికి పోతవు ఉదయా?"

ఉదయలక్ష్మి తలెత్తి, భారతమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత సాయిప్రియ ముఖంలోకి. ఆ కళ్ళు నాయిన కళ్ళలాగే ఉన్నాయని సాయిప్రియకు ఇన్నాళ్ళూ తెలియదు.

భారతమ్మ, సాయిప్రియ, చక్రపాణి ముగ్గురూ నోరు మూసుకుని ఆమె జవాబు కోసం నిలబడ్డారు. మెట్రో ఒకటి పోయింది. రెండోది కూడా పోయింది.